అద్దాల గదిలో దోసపాదు

క్యూర్‌పైప్, మారిషస్
శనివారం మధ్యాహ్నం

అక్కయ్యకు,

నీ చెల్లెలు జానకి నమస్కరించి రాసేది. నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? చిట్టికి దగ్గు తగ్గిందా? ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నిజంగానే బాగున్నాం. ఇంతకుముందు ఉత్తరాల్లో ఈ మాట రాసినప్పుడు అది నిజం కాదు. అందుకే ఈసారి రెండుసార్లు రాస్తున్నాను.

నవంబరు ఓడలో నేను వస్తానని మీ మరిదిగారు రాశారు కదా. నువ్వు నాకోసం వీధిగది ఖాళీ చేయించి, సున్నం కూడా కొట్టించావని నీ జాబులో చదివాను. అక్కా, నేను రావడం లేదు. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు. ఎందుకు రావాలనుకున్నానో, ఎందుకు మానుకున్నానో రెండూ చెబుతాను.

నాకు ఒంట్లో నలతగా ఉందని, ఈ ఊరి చలి పడడం లేదని మాత్రమే ఆయన నీకు రాశారు. అలా రాయమన్నది నేనే. జరిగింది వేరు. మే నెలకి నాకు ఐదో నెల నిండింది. ఇంకొక్క నెల పోయాక నీకు చెబుదామని ఊరుకున్నాను. ఒకరోజు పొద్దున్నే నొప్పులు వచ్చాయి. ఆస్పత్రికి చేరేసరికే అంతా అయిపోయింది. ఆడపిల్ల అన్నారు. డాక్టరు మంచివాడు. ఇందులో ఎవరి తప్పూ లేదని, ఒక్కోసారి ఇలా జరుగుతుందని ఓపికగా చెప్పాడు. డాక్టరు ఫ్రెంచిలో చెప్పింది మీ మరిదిగారు నాకు తెలుగులో చెప్పబోయి, సగంలో ఆపి కిటికీ వైపు తిరిగిపోయారు.

ఈ ఊరి చలికాలం గురించి నీకు ఎలా చెప్పను? మన దగ్గర ఎండలు మండే రోజుల్లో ఇక్కడ పొగమంచు దిగుతుంది. పొద్దున లేస్తే ఎదురింటి గేటు కనిపించదు. సన్నటి వాన రోజంతా పడుతూనే ఉంటుంది. ఉతికిన చీర మూడు రోజులకి కూడా ఆరదు. నేను తెచ్చుకున్న విత్తనాల్లో సగం పెరట్లో చల్లితే మొలకలు కుళ్ళిపోయాయి. ఆయన పాఠాలు చెప్పడానికి బడికి వెళ్ళిపోతే సాయంత్రం దాకా నేనూ ఆ వానా. రెండు నెలలు నేను గుమ్మం దిగలేదక్కా. వంట చేసేదాన్ని, పడుకునేదాన్ని. ఆయన చూసి చూసి, అక్కయ్య దగ్గరికి పంపిస్తే తేరుకుంటావు అని ఓడ టికెట్టు తెచ్చారు. నేను సరే అన్నాను.

మా పక్కింట్లో సూరమ్మ అనే ఆవిడ ఉంది. యాభై దాటిన మనిషి. వాళ్ళ తాతలు మన వైపు నుంచే చెరుకు తోటల్లో పనికి వచ్చారట. ఆవిడకి వచ్చిన తెలుగు పూజలోదీ, పాటల్లోదీ. మిగతాదంతా ఇక్కడి క్రియోలు భాష. నా సంగతి తెలిశాక రోజూ వచ్చి నా మంచం పక్కన పీట వేసుకుని బఠాణీలు ఒలుచుకునేది. ఎక్కువ మాట్లాడేది కాదు. మాట్లాడినా నాకు సగమే అర్థమయ్యేది. వెళ్ళేటప్పుడు మాత్రం "పా ప్లొరే, చెల్లీ" అనేది. ఏడవకు అని.

జులైలో ఒకరోజు వచ్చి నా దుప్పటి లాగేసి, రెండు భాషల్లోనూ రమ్మంది.

"వినీ. రా. మా ఆయన ఏం తెచ్చినాడో చూడాల నువ్వు."

ఇక్కడ వచ్చే ఏడు స్వతంత్రం వస్తుందంటున్నారు. అది నచ్చక, భయపడి కొన్ని కుటుంబాలు ఆస్ట్రేలియాకి వెళ్ళిపోతున్నాయి. అలా వెళ్ళిన ఒక దొరల ఇల్లు కొన్నవాళ్ళు పాత వరండా పడగొడుతుంటే, సూరమ్మ భర్త నరసయ్యగారు దాని అద్దాల కిటికీలు అడిగి తెచ్చుకున్నారు. ఆయన వడ్రంగి. మా రెండు పెరళ్ళ మధ్య కంచె తీసేసి, ఆ కిటికీలన్నీ నిలబెట్టి, పైన కూడా అద్దాలే కప్పి ఒక గది కట్టారు. ఒక మంచం, బీరువా పడితే నిండిపోయేంత గది. అలాంటిది మా వీధిలో అదే మొదటిది. బయట వాన పడుతున్నా లోపల వెచ్చగా ఉంటుంది. మొదటిసారి లోపల అడుగు పెట్టినప్పుడు తడిమట్టి వాసన వచ్చింది. అక్కడే కూర్చుండిపోయాను.

లోపల ఏం వేయాలన్న దగ్గర మా ఇద్దరికీ పేచీ వచ్చింది. ఆవిడకి చామంతులు, బంతులు కావాలి. గోవిందుడి పూజ నెల వస్తోంది, వానకి పువ్వులు కుళ్ళిపోతాయి, ఏటా వాడిన పువ్వులే పెడుతున్నాను అంది. నాకు దోసకాయ కావాలి, వంకాయ కావాలి.

"పువ్వులు తింటామా అక్కా?" అన్నాను.

"దేవుడికి నీ వంకాయ పెడతామా?" అంది ఆవిడ.

నరసయ్యగారు సుత్తి పక్కన పెట్టి, "ఒక ఇంట్లో ఇద్దరు ఉండరా? కలిపి వెయ్యండి" అన్నారు. అలాగే వేశాం. గోడ వెంబడి నా దోసపాదులు, తాళ్ళ మీద పైకి. వాటి కాళ్ళ దగ్గర ఆవిడ బంతులు. రెండో పక్క వంగ, మధ్యమధ్య చామంతి. చలి పోకుండా ప్రతి సందుకీ గుడ్డ పేలికలు కుక్కాం.

అన్నీ ఏపుగా పెరిగాయి. సెప్టెంబరులో దోసకి పసుపుపచ్చ పువ్వులు విరగబూశాయి. నేను పిందెలు లెక్కపెట్టుకునేదాన్ని. కానీ ప్రతి పిందె గోరంత కాగానే పసుపుబారి రాలిపోయేది. వారం చూశాను, రెండు వారాలు చూశాను. నీళ్ళు తగ్గించాను, పేడ ఎరువు వేశాను. ఒకరోజు వెళ్ళేసరికి కింద మట్టి మీద ఎనిమిది పిందెలు పడి ఉన్నాయి. వాటిని చేతిలోకి తీసుకున్నాక నాకు ఏడుపు ఆగలేదక్కా. సూరమ్మ చామంతులకి నీళ్ళు పోస్తూ తిరిగి చూసింది.

"నా దగ్గర ఏదీ నిలవదు" అన్నాను.

ఆవిడ చెంబు కింద పెట్టి, నా చేతిలో పిందెలు తీసి, పువ్వు తిప్పి చూసింది. తర్వాత చుట్టూ అద్దాల వైపు చూసి తన నెత్తిన తానే ఒకటి మొట్టుకుంది.

"నీ చెయ్యి కాదు, చెల్లీ. మనం అంతా మూసేసినాం. తేనెటీగ ఎట్ల వస్తది లోపలికి? మా అమ్మ చిన్నప్పుడు వనిల్ తోటలో పని చేసినాది. అక్కడ ఈగ రాదు, మనిషే పువ్వుకి పెళ్ళి చెయ్యాల. నాకు నేర్పినాది. నేను మరిచిపోయినాను, ముసిలిదాన్ని."

వనిల్ అంటే వెనిలా. ఆవిడ ఒక మగ పువ్వు కోసి, రెక్కలు ఒలిచి, పిందె ఉన్న పువ్వులో మెల్లగా అద్దింది. నా వేళ్ళు పట్టుకుని నా చేత కూడా చేయించింది. ఆ పొద్దు ఇద్దరం పదమూడు పువ్వులకి అలా చేశాం. మర్నాడు నరసయ్యగారు పైన రెండు అద్దాలకి మడతబందులు వేసి, ఎండ పొడ ఉన్నప్పుడు తెరుచుకునేలా చేశారు. తేనెటీగలు ముందు వచ్చింది సూరమ్మ బంతులకే. అక్కడి నుంచి దోస మీదికి వెళ్ళాయి. పువ్వులు తింటామా అన్న మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు నేను.

పదమూడింటిలో తొమ్మిది నిలిచాయి.

పోయిన శనివారం ఆవిడ తన బంతులూ, చామంతులూ బుట్టనిండా కోసుకుని కోవెలకి వెళ్ళింది, నన్ను వెంటబెట్టుకుని. మే నెల తర్వాత నేను నలుగురిలోకి వెళ్ళింది అదే. అక్కడ పూజారిగారు ఈవిడ ఎవరని అడిగితే "మా లాసెర్‌లో సగం ఈవిడది" అంది. అద్దాల గదిని వీళ్ళు లాసెర్ అంటారు. మధ్యాహ్నం మా ఇంట్లో దోసకాయ పప్పు వండి వాళ్ళిద్దరికీ పెట్టాను. నరసయ్యగారు పుల్లగా ఉందంటూనే మూడుసార్లు వేయించుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక మీ మరిదిగారు టికెట్టు తీసి బల్ల మీద పెట్టారు. "నీ ఇష్టం జానకీ. వెళ్తానంటే నేనే ఓడ ఎక్కిస్తాను" అన్నారు. నీ దగ్గరికి రావాలని లేక కాదు. కానీ ఆ బిడ్డని ఎరిగినవాళ్ళు ఈ ప్రపంచంలో ఇద్దరమే, నేనూ ఆయనా. నేను వచ్చేస్తే ఆయన ఒక్కరే ఆ కిటికీ దగ్గర నిలబడతారు. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన నా ముందు మొదటిసారి ఏడ్చారు. సోమవారం టికెట్టు వాపసు ఇచ్చేశారు.

ఆ వీధిగది అద్దెకి ఇచ్చుకో అక్కా. వీలైతే ఎవరి చేతనైనా గోంగూర విత్తనాలు, బీర విత్తనాలు పంపు. సూరమ్మకి మన ముద్దబంతి విత్తనం కావాలట. బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. అమ్మకి ఇదంతా నువ్వే నెమ్మదిగా చెప్పు.

ఇంకొక్క మాట. పెద్దాడికి ముందు నీకొక బిడ్డ పోయింది. అప్పుడు నాకు పదేళ్ళు. నువ్వు మధ్యగదిలో గోడవైపు తిరిగి పడుకుని, "కాసేపు నా దగ్గర కూర్చోవే" అన్నావు. నేను తొక్కుడుబిళ్ళ ఆడుకోవడానికి పరుగెత్తాను. తర్వాత నువ్వెప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. మేమెవరం అడగలేదు. ఆ బిడ్డ ఆడపిల్లో మగపిల్లాడో కూడా నాకు తెలియదు. ఇన్నేళ్ళకి ఇప్పుడు అడుగుతున్నాను, అక్కా. నీకు చెప్పాలనిపిస్తే అంతా రాయి. ఎన్ని పేజీలైనా సరే, కూర్చుని చదువుతాను.

మీ ఇద్దరి దీవెనలు కోరుతూ,
నీ చెల్లెలు
జానకి