టోల్ గేటు ఫోటో

జూన్ 3

టోల్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. నా కారు ఆగకుండా, గేటు కర్రను విరగ్గొట్టుకుని పోయిందట. తేదీ చూస్తే నాన్న పోయిన రోజు. ఆ రోజు నేను ట్రైనింగ్‌కి వేరే ఊళ్లో ఉన్నాను. తాళం బావమరిది దగ్గర ఉంది. పుణ్యాత్ముడు, నిద్రలోనే పోయారని నాన్న గురించి పదిమందికీ చెప్పుకున్నాను. అదే రోజు వీడు నా కారులో షికారు! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

జూన్ 4

నిలదీశాను. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. మా ఆవిడ మధ్యలో దూరి, జరిమానా కట్టేసి వదిలేయండి, తవ్వకండి అంది. తమ్ముణ్ణి వెనకేసుకురావడం ఆమెకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

జూన్ 9

ఒప్పుకోనని ఆఫీసుకు రాసి పడేశాను. నడిపిందెవరో చెబితే కేసు వాళ్ల మీదికి మారుతుందట. వాడు నడిపేది స్కూల్ బస్సు. ఇలాంటి కేసు ఒక్కటి పడినా బస్సు ఇవ్వరు. మా ఆవిడ ఏడ్చింది. నిజం చెప్పాలంటే, నాకు హాయిగా ఉంది.

జూన్ 10

వంట చేసింది. నా కంచం బల్ల మీద పెట్టి, తన కంచంతో వంటింట్లోకి వెళ్లిపోయింది.

జూన్ 17

విచారణ. ఆఫీసరు కుర్రాడు. జలుబు. ముక్కు తుడుచుకుంటూ మానిటర్ నా వైపు తిప్పాడు. స్టీరింగ్ దగ్గర బావమరిది, హారన్ మీద చెయ్యి. దొరికావురా అని నవ్వాను కూడా. అప్పుడతను ఫోటో పెద్దది చేశాడు. వెనక సీట్లో మా ఆవిడ. ఆమె ఒళ్లో నాన్న తల. కళ్లు తెరిచే ఉన్నాయి.

నిద్రలో పోలేదు. ఆసుపత్రి దారిలో పోయారు. ఆ పొద్దున మా ఆవిడ ఫోన్ మీద ఫోన్ చేసింది. క్లాసులో ఉన్నాను, విసిగించకు అని మెసేజ్ కొట్టి ఫోన్ ఆపేశాను.

ప్రాణం మీదికొచ్చి వెళ్లారని రాసిస్తే కేసు మొత్తం కొట్టేస్తామన్నాడు ఆఫీసరు. మీ బావమరిదికీ ఏమీ ఉండదన్నాడు. రుజువుగా ఆ రోజు ఇంటి నుంచి వచ్చిన కాల్స్, మెసేజ్‌లు చూపిస్తే చాలట.

ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్లోనే ఉంది. దాన్ని ఈ జలుబువాడు చదవాలా? ఒళ్లు మండింది. నడిపింది బావమరిదే, ఎందుకో నాకు తెలియదు అని రాసి సంతకం పెట్టాను.

జూన్ 25

గెలిచాను. వాడి బస్సు పోయింది.

ఫోటో చూశానని మా ఆవిడకు చెప్పాను. కేసు కొట్టేయించే దారి ఉండిందని మాత్రం చెప్పలేదు. నిద్రలో పోయారని చెబుదామన్నది తమ్ముడేనట. నిజం తెలిస్తే బావ తట్టుకోలేడక్కా అన్నాడట. ఇదంతా గోడకు చెబుతున్నట్టు చెప్పి, చీరలు సర్దుకుని వాడింటికి వెళ్లిపోయింది.

జూలై 2

నాన్న ఆఖరి ఫోటో అదే. కాపీ కోసం వెళ్లాను. కేసు ముగియగానే ఫోటో చెరిపేశారట. గెలిచారు కదండీ, ఇంకా దేనికి అన్నాడు జలుబువాడు.