‘కైకిలి’ అన్న మాటకు ఆగిన హాల్ టికెట్టు

పరీక్షల నియంత్రణాధికారి గారి దివ్యసముఖమునకు,
మానేరు విశ్వవిద్యాలయం, కరీంనగర్.

అయ్యా,

విషయం: చదువుతూ ఉద్యోగం చేసే డిగ్రీ కోర్సు – ఆరవ సెమిస్టర్ – పని అనుభవ పత్రంలో ‘కైకిలి’ అని ఉన్నందున నిలిపివేసిన హాల్ టికెట్టు ఇప్పించుట గురించి.

సుల్తానాబాద్ నివాసిని భవ్యశ్రీ అను నేను సవినయంగా విన్నవించుకొనునది:

1. నేను బి.ఎస్సీ. ఫుడ్ టెక్నాలజీ ఆఖరి సంవత్సరం చదువుచున్నాను. నిబంధనల మేరకు వారానికి మూడు రోజులు కళాశాల, మూడు రోజులు జీతంతో కూడిన ఉద్యోగం. చేరేటప్పుడు ఇచ్చిన రంగుల కాగితంలో ‘చేతిలో పట్టా, జేబులో జీతం’ అని అచ్చువేశారు. మా డ్రెస్సులకు జేబులే ఉండవన్న సంగతి నేను అప్పుడే ఆలోచించాల్సింది.

2. ఆ ప్రకారం రెండేళ్లుగా మా ఊరి రైస్ మిల్లులో వడ్ల నాణ్యత పరీక్షిస్తున్నాను. బస్తాలోకి ఇనుప గొట్టం దింపి గింజలు తీయడం, మీటర్లో పోసి తేమ చూడడం, తాలు ఎంతో రాయడం నా విధులు. తేమ పదిహేడు శాతం దాటితే బస్తా దిగదు. "జర మంచిగ సూడు బిడ్డా" అని రైతు పక్కనే నిలబడి ఉంటాడు. 

3. సదరు పత్రాన్ని మిల్లు గుమస్తా బుచ్చిరాములు గారు నింపారు. ‘పని స్వభావం’ అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో ‘కైకిలి. మంచిగ చేస్తది’ అని రాసి ముద్ర వేశారు. నేను సంతకం చూసుకున్నాను, ముద్ర చూసుకున్నాను, ఆ గడి చూసుకోలేదు.

4. తమ కార్యాలయం నాలుగో కిటికీలోని సూపరింటెండెంటు గారు పత్రాన్ని వెనక్కి తోసి, "కైకిలికి పోయెటోళ్లకు యూనివర్సిటీ మార్కులేస్తదా అమ్మా? గిది కోర్సు, కూలిపని గాదు" అన్నారు. పత్రం చెల్లనందున నేను పనికి వెళ్లిన రోజులన్నీ గైర్హాజరు కింద పడి, నా హాజరు నలభై ఏడు శాతానికి దిగింది. హాల్ టికెట్టు ఆగింది. పరీక్ష సోమవారం. ఈరోజు గురువారం.

5. మాట మార్చి రాయమని బుచ్చిరాములు గారిని బతిమాలాను. "నలబై ఏండ్ల సంది నేను జేస్తున్నది సుత కైకిలే. షావుకారు తప్ప గీడ అందరిదీ కైకిలే. నన్ను అబద్ధం రాయుమంటవా?" అని ఆయన కలానికి మూత పెట్టారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కళాశాలవారు యూనివర్సిటీకి పొమ్మంటారు, యూనివర్సిటీవారు మిల్లుకు పొమ్మంటారు. కరీంనగర్ బస్సు కండక్టరు నేను అడగకముందే ఆడవాళ్ల ఉచిత ప్రయాణపు జీరో టికెట్టు చేతిలో పెడుతున్నాడు. నాకు ఆగకుండా దొరుకుతున్న టికెట్టు అదొక్కటే.

6. అయ్యా, నాకు కూర్చోబుద్ధి కావడం లేదు, నిలబడబుద్ధి కావడం లేదు. పుస్తకం తెరిస్తే లారీలు, మీటరు తెరిస్తే ప్రశ్నపత్రాలు. మొన్న తేమ రాయాల్సిన గడిలో నా రోల్ నెంబరు రాశాను. బస్తా తెచ్చిన రైతు చూసి, "గిదేంది బిడ్డా, నా వడ్లల్ల గిన్ని నీళ్లున్నయా?" అని లబోదిబోమన్నాడు. చదువుకూ పనికీ నడుమ రెంటికీ చెడ్డ రేవడిని అవుతానేమోనని భయంగా ఉన్నది.

కావున తమరు దయతో,
(అ) నాకు హాల్ టికెట్టు ఇప్పించవలసిందిగాను,
(ఆ) రికార్డులలో ‘కైకిలి’ అను మాటను కొట్టివేసి, నేను కైకిలిదానను కానని, నాది గౌరవప్రదమైన శిక్షణ అని నమోదు చేయవలసిందిగాను ప్రార్థన.

చిత్తగించవలెను, సోమవారం లోపల చిత్తగించిన మరీ మేలు.

తమ విధేయురాలు,
భవ్యశ్రీ

తా.క.: తప్పులు చూసుకుందామని పై అర్జీని ఇంట్లో గట్టిగా చదివాను. మా అవ్వ బాలవ్వ అప్పుడే కల్లంలో ఎవరివో వడ్లు ఎండబోసి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నది. (ఆ) దగ్గరికి రాగానే చెంబు కింద పెట్టింది. "పొద్దంతా ఎండల నేను కాళ్లతోని తిరగేస్తెనే గదనే, నీ మీటర్ల పదిహేడు వచ్చేది? నేను జేస్తె కైకిలి, నువ్వు జేస్తె ట్రైనింగా? గంత నామోషి ఐతె నన్ను సుత కొట్టెయ్యమను" అన్నది. అయ్యా, నాకు సిగ్గేసింది. నా ఫీజులన్నీ ఆ కైకిలితోనే కట్టింది.

కాబట్టి (ఆ)ను వాపసు తీసుకుంటున్నాను. ఆ మాట రికార్డులో అట్లాగే ఉండనివ్వండి, హాల్ టికెట్టు మాత్రం ఇవ్వండి. రేపు పొద్దున నాతోపాటు అవ్వ కూడా నాలుగో కిటికీ దగ్గరికి వస్తున్నది, కైకిలి మానుకొని మరీ. కైకిలికి మార్కులెందుకు పడవో ఆమెకు సూపరింటెండెంటు గారే చెప్పాలి. నేను చెప్పలేను.