చెవి మీద చెయ్యి

రంగమ్మా, రేపు నీ తొలి తిథి, నువ్వు పోయి ఏడాది. రేపే మన జయకు విరుదునగరంలో విత్తనాల కంపెనీ ఇంటర్వ్యూ. వాన తగ్గినా తట్టుకునే పత్తి మీద అది చేసిన పరిశోధనను, ఆ చదువు ఎరగనివాళ్ళకు కూడా అర్థమయ్యేలా చెప్పాలట. ముందు ఇంట్లో చెప్పి చూసుకోమందట వాళ్ళ ప్రొఫెసరమ్మ.

చెప్పడం నేర్పడానికి భజన మఠంలో పురాణం చెప్పే నేను లేనా! పురాణం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సముద్రం దాటి వచ్చిన దూత ముందు శుభవార్త చెప్పి, ఆ తర్వాతే దారి కథ చెప్పాడన్నాను. అది దానికి నచ్చింది. అంతటితో ఊరుకున్నానా? గొంతెత్తమన్నాను, చెయ్యి ఝాడించమన్నాను.

ఈ సాయంత్రం మన కోవిల్‌పట్టి ఇంట్లో నీ చాప మీద కూర్చుని విన్నాను. పత్తి మొక్కలు దడుచుకునేలా గర్జిస్తోంది పిల్ల! నాకు తెలియకుండానే నా చెయ్యి చెవి మీదికి పోయింది. భజన మఠంలో నేను అరిచినప్పుడల్లా గొంతు తగ్గించమని ఆడవాళ్ళ వరుసలోంచి నువ్వు చేసే సైగ అది.

జయ ఆగిపోయింది. "ఏమి నాయినా, అమ్మ మాదిరి చేస్తా ఉండావు?"

"అంత సత్తం వద్దమ్మే, చెవులు అదిరిపోతా ఉండాయి. వాళ్ళేమన్నా పురాణానికి వస్తారా?"

"నువ్వే కదా గొంతెత్తమంటివి!"

"అంటిని. ఇప్పుడు నాతో మాట్లాడినట్టు చెప్పు."

నవ్వి, మొదటినుంచి మెల్లగా చెప్పింది. ఇన్నేళ్ళకు దాని పత్తి నాకు అర్థమైంది.

పొద్దున్నే నీ తిథి ముగించి బస్సెక్కుతాం. నన్ను లోపలికి రానివ్వరట. అక్కడ తన గొంతు పెరిగితే చెవి తాకేదెవరని దాన్ని అడిగాను.

"అమ్మ ఉంటాదిలే నాయినా" అంది.