గాజులు నావి కావు, చేతులు నావే

మంగళవారం, రాత్రి.

ఈరోజు మా విడీ ఘర్కుల్ కాలనీలో, మా ఇంటి ముందే, మా బీడీ కార్మికుల మీద పాట వీడియో తీశారు. పాటలో బీడీలు చుట్టేది పుణె నుంచి వచ్చిన హీరోయిన్. ఆమె ముట్టుకున్న ప్రతి ఆకూ చినిగింది. చివరికి డైరెక్టర్ నన్ను పిలిచాడు. మన ఊళ్లోని భవాని పేట్ అతనే.

"అక్కా, నీ మొకం రాదు, చేతులే వస్తయి. జరంత చుట్టు."

కూర్చున్నాను. మేకప్ అమ్మాయి హీరోయిన్ ఆకుపచ్చ గాజులు తెచ్చింది. ఇద్దరి చేతులూ ఒక్కలాగే కనపడాలట. నేను చేయి వెనక్కి లాక్కున్నాను. ఆయన పోయినప్పటి నుంచి, ఆరేళ్లుగా, ఈ చేతికి గాజు లేదు.

పక్కనే కూర్చున్న మా అత్త లేచింది. వద్దంటుందనుకున్నాను. సబ్బునీళ్లు తెచ్చింది! ఆనాడు నా గాజులు పగలగొట్టిన అత్తే, నా చేయి పట్టుకుని ఒక్కొక్కటే ఎక్కించింది.

"షూటింగ్ కోసమే గదనే, చల్తా హై."

కెమెరా వస్తే ఆచారం కూడా పక్కకు జరిగి కూర్చుంటుందన్నమాట.

స్పీకర్‌లో పాట పెట్టారు. నేను బీడీలు చుడుతుంటే గాజులు గలగలమన్నాయి. ఆ చప్పుడు నాకు ఎంత బాగుందో ఇక్కడ తప్ప ఎక్కడ రాసుకోను? షాట్ అయిపోగానే మేకప్ అమ్మాయి గాజులు తీసుకుపోయింది.

సాయంత్రమంతా అత్త వాడకట్టులో మా ఇల్లు వీడియోలో వస్తుందని చెప్పుకుని మురిసిపోయింది. అన్నం తినేటప్పుడు మాత్రం గొంతు తగ్గించింది.

"ఆ చేతులు నీయని ఎవ్వలకు చెప్పకు. నలుగురు ఏమంటరు?"

ఆరేళ్ల కింద నా గాజులు పగలగొట్టే ముందు కూడా ఇదే మాట అంది.