చేతులు వెనక్కి కట్టుకునే డాక్టరమ్మ

చిట్టితల్లికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేను కులాసా, ఆసుపత్రి కులాసా, వానొస్తే ఆపరేషన్ గది పైకప్పు మాత్రం కులాసాగా ఉండదు. నువ్వూ, అల్లుడూ, మనవరాలూ బాగున్నారనుకుంటాను. దానికి పైపళ్ళు వచ్చాయా?

కిందటి ఉత్తరంలో మూడు సంగతులడిగావు. మోకాళ్ళ నొప్పి తగ్గలేదు, అలవాటైపోయింది. రిటైరై మీ దగ్గరికి ఎప్పుడొస్తావంటే, రాను. "మా పెద్దాసుపత్రిలో ఒక్కో అంతస్తుకి పదిమంది సర్జన్లున్నారు, అక్కడ నీకొక్కదానికి ఆ చాకిరీ దేనికమ్మా?" అని రాశావు. ఆ పదిమందిలో ఒక్కరైనా ఇటు తొంగిచూస్తే నాకీ చాకిరీ ఎందుకుండేది? డాక్టర్లు ఆకాశంలోంచి ఊడిపడరు. కొరత ఉన్నచోటే తయారుచేసుకోవాలని కాలేజీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, మూడేళ్ళ కిందట ట్రైనీ డాక్టర్లని ఇక్కడికి వేయించుకున్నాను. ఇప్పుడు నలుగురున్నారు. నా దస్తూరీ ఇంత గుండ్రంగా ఎప్పుడు మారిందని కూడా అడిగావు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మంగళవారం కాలేజీ నుంచి ఒక పెద్ద సర్జన్ తనిఖీకి వచ్చారు. ట్రైనీలు ఇక్కడ ఉండాలో, వెనక్కి పోవాలో ఆయన రిపోర్టు తేలుస్తుంది. ఆయన టీ చల్లారకముందే, కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న ఒక లారీ డ్రైవర్ని మోసుకొచ్చారు. అపెండిక్స్. ఇవాళో రేపో పగిలేలా ఉంది.

కత్తి బెదురుగొడ్డు చేతికిచ్చాను. నలుగురిలో పెద్దది అదే. వచ్చిన కొత్తలో నెత్తురు చూడకముందే చెమటలు పట్టేవి, అందుకే ఆ పేరు. నేను ఎప్పట్లాగే చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడ్డాను. సగంలో నెత్తురు ఉబికింది. పెద్ద సర్జన్ ముందుకు రాబోయారు.

"ఆగండి, దాన్నే చెయ్యనివ్వండి," అన్నాను. "ఏమ్మా, ఎక్కణ్ణుంచి వస్తోంది?"

"కనబడట్లేదు మేడం."

"గుడ్డతో అదిమి పట్టు. పది లెక్కపెట్టి తియ్యి."

లెక్కపెట్టింది. తీసింది. నెత్తురు కారే చోటు కనబడింది, ముడి వేసేసింది. డ్రైవరు ఇప్పుడు లేచి తిరుగుతూ వార్డులో అందరికీ సలహాలిస్తున్నాడు.

బయటికొచ్చి నా గదిలో కూర్చున్నాక పెద్ద సర్జన్ మురిసిపోయారు. "చెయ్యి పెట్టకుండా నేర్పడమంటే మాటలు కాదు. గొప్ప పద్ధతి, రిపోర్టులో రాస్తాను," అన్నారు. ఆ పొగడ్త నాకు గొంతు దిగలేదు.

ఎందుకంటే తల్లీ, అది పద్ధతి కాదు. ఏడాదిన్నరగా నా చేతులు వణుకుతున్నాయి. ఎవరికీ కనబడకూడదని వెనక్కి కట్టుకోవడం మొదలుపెట్టాను. నీకు తెలిస్తే మర్నాడే టికెట్టు పంపుతావని దాచాను. ఈ గుండ్రటి దస్తూరీ నాది కాదు, నేను చెబుతుంటే బెదురుగొడ్డు రాస్తోంది. సిగ్గుపడ్డాను, నిజమే. కానీ వాళ్ళ చేతుల్లోంచి కత్తి లాక్కోవడం నేను మానేశాకే వాళ్ళకి పని వచ్చింది.

ఆయన ముందు రెండు చేతులూ చాపాను. ఆయన లేచి తలుపు దగ్గరికి వేశారు.

"ఇది నేను చూడలేదనుకోండి."

"చూశారుగా, రాయండి. చేతులు వణుకుతున్నాయి, నోరు వణకట్లేదు అని కూడా రాయండి. నేను దాచి నేర్పితే రేపు వీళ్ళు రోగుల దగ్గర దాస్తారు."

రాశారు. నిన్న కాలేజీ జవాబు వచ్చింది. నిలకడైన చేతులున్న సర్జన్ ఇంకొకరు ఉంటేనే ట్రైనీలు ఇక్కడ ఉంటారట, లేకపోతే నెలాఖరుకి వెనక్కేనట. నువ్వూ సర్జనువే కదా, నిన్ను రమ్మందామా అని ఒక్క క్షణం అనిపించింది, దాచను.

బెదురుగొడ్డు శిక్షణ వచ్చే వారంతో పూర్తవుతుంది, ఇక అదీ సర్జనే. మీ పెద్దాసుపత్రిలోనే దానికి ఉద్యోగం ఖాయమైంది. కాలేజీ కాగితం చదివి కాసేపు కిటికీ దగ్గర నిలబడింది. తర్వాత వచ్చి, "నేనుంటాను మేడం," అంది.

"భయం లేదూ?"

"ఉంది. పది లెక్కపెట్టే వచ్చాను."

ఇది రాయనని మొండికేసింది. రాయమని నేను గద్దించాను. మీ అంతస్తులో ఒక కుర్చీ ఖాళీగానే ఉంటుందని మీవాళ్ళకి చెప్పు. ఇక్కడ ఒక కుర్చీ నిండింది. నేను రాను.

కింది మాట మాత్రం నా చేత్తోనే రాస్తున్నాను. వంకరగా ఉందని బెంగపడకు.

ఇట్లు,
చేతులు ముందుకే పెట్టుకున్న
మీ అమ్మ