నీలి క్యాబేజీ విత్తనాలు

అక్కా,

సమస్త జనులకూ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, మా అక్క స్టీలు గిన్నెకు నిన్నటి నుంచి నీలిరంగు పట్టినది.

ఫోనులో నువ్వు ఏడుస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కొన్న నీలి క్యాబేజీ విత్తనాలు నీళ్లలో వేయగానే రంగు వదిలి ఉత్త ఆవాలయ్యాయి, అంతేగా! కాపు మీదున్న వంగతోట పీకేసి వాటిని చల్లి ఉంటే ఈ ఏడు ఏం తినేవాళ్లు? మొన్న నేను వద్దంటే "నీకేం తెలుసురా వెధవా, రేపే పీకిస్తున్నా" అన్నావు. ఇప్పుడు తోట నిలిచింది, నా గుండె కుదుటపడింది.

నానబెట్టి చూడకుండా చల్లితే కేసు పెడతాడని నేను చెప్పిన వ్యవసాయాఫీసరు ఎవరని అడిగావు, బుట్టెడు వంకాయలు ఇచ్చొస్తానని. బుట్ట మా ఇంటికే పంపు. ఆ ఆఫీసరును నేనే పుట్టించాను. తమ్ముడి మాటైతే నువ్వు వినవుగా.