దేవదానం బాబాయి వేసిన ప్లగ్గులు మంచివే

సికింద్రాబాదు,
గురువారం.

అక్కయ్యకూ బావగారికీ వందనాలు.

ఒక అన్యాయం జరిగింది. జరిగింది దేవదానం బాబాయికి. చేసింది నేను. ఈ మాట ముందు రాసేస్తే గాని నా చెయ్యి తక్కిన ఉత్తరం రాయనంటోంది.

మీరంతా కులాసాయేనా? పిల్లదానికి జ్వరం తగ్గిందా? నా ఒంట్లో బాగానే ఉంది, బెంగపెట్టుకోకు. ఇక్కడ దసరా వెళ్ళినా ముసురు వదల్లేదు. బోయిగూడలో బాబాయి గదిలో ఒక్కణ్ణే వండుకుంటున్నాను. పప్పు మాడినా తింటున్నాను. నిజంగానే బాగున్నాను.

బాబాయి సోమవారం రాత్రి రైలెక్కి పాలకొల్లు వచ్చేశాడు. మీ వీధే గనక చూసే ఉంటావు. నడుం నొప్పి వల్ల వచ్చానని చెప్పి ఉంటాడు. అది నా పరువు కాపాడటానికి ఆడిన అబద్ధం. అసలు సంగతి ఇది.

బాబాయీ నేనూ పనిచేసే మోటారు షెడ్డుకి బోయిగూడ డాక్టరమ్మగారి కారు వస్తుంది. కాన్పులకు ఆవిడ అందులోనే వెళతారు. పోయినవారం ఇంజన్ మిస్సవుతోందని, అంటే నాలుగు సిలిండర్లలో ఒకటి పని చెయ్యక బండి కుదుపులు పడుతోందని తెచ్చారు. బాబాయి ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు మార్చాడు. మధ్యాహ్నం ఎండలో బండి చక్కగా నడిచింది. సోమవారం పొద్దున్న ముసురులో మళ్ళీ మొదలు.

"మెట్టుగూడ మలుపులో ఆగిపోయిందయ్యా! నొప్పులు పడుతున్న మనిషి దగ్గరికి ఆటోలో పరుగెత్తాను," అన్నారావిడ.

అంతకుముందే బాబాయి సంచిలో, కొత్తవాటిలా తళతళలాడుతున్న నాలుగు ప్లగ్గులు చూశాను. నాకు ఒళ్ళు మండిపోయింది. శ్రమను నమ్ముకున్నవాడు మోసం చేస్తే సహించకూడదని స్టేషన్ ముందు కొన్న చిన్న పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివానో నీకు తెలుసు. అందరి ముందూ ఆ సంచి బోర్లించాను.

"పాతవే తోమి బిగించి, కొత్తవి దాచుకున్నావా బాబాయ్? మోటారు పనివాడి నీతి ఇదేనా?"

"ఒరేయ్ అబ్బాయ్, ముందు ఇంజనేం చెబుతోందో వినరా. తర్వాత తిడుదువు గాని."

"ఇంజనెందుకు? నీ సంచే చెబుతోంది!"

షెడ్డు యజమాని యాదగిరి, అదే మా యాదన్న, అడ్డమొచ్చాడు. "అరే, జెర ఆగరాదు! పెద్దమనిషితోని గిట్ల మాట్లాడతరా?"

నేను ఆగలేదు. దొంగ అన్నాను, అక్కా. రెండుసార్లు అన్నాను. బాబాయి చేతులు తుడుచుకుని, చొక్కా మార్చుకుని, "గది తాళంచెవి కిటికీలో ఉంటుంది," అని వెళ్ళిపోయాడు. అంత అన్నవాడికి తాళంచెవి వదిలి వెళ్ళాడు.

మంగళవారం పొద్దున్న నేనే షెడ్డులో ఉన్న ఇంకో కొత్త ప్లగ్గుల పెట్టె తెరిచి నాలుగూ బిగించాను. గెలిచాననుకుంటూ స్టార్ట్ చేశాను. అదే కుదుపు. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూశాను. ఒకటోది పీకితే చప్పుడు పడిపోయింది. రెండోదీ, నాలుగోదీ అంతే. మూడోది పీకితే మాత్రం ఇంజన్‌కి చీమ కుట్టినట్టయినా లేదు. మూడో సిలిండర్ చచ్చింది. దాని ప్లగ్గు ఒకటోదానిలో, ఒకటోది దీనిలో వేశాను. అయినా మూడోదే చచ్చింది. వైరు మార్చాను. మూడోదే. అప్పుడు, నాలుగు ప్లగ్గులకూ కరెంటు పంచే నల్లమూత విప్పి వెలుతురులో పట్టుకున్నాను. మూడో వైరు పక్కన వెంట్రుకంత పగులు. తడిగాలి తగిలితే కరెంటు ప్లగ్గు దాకా పోకుండా ఆ పగుల్లోంచి పారిపోతోంది. ఎండ కాస్తే ఆరిపోయి ఏమీ ఎరగనట్టుంటోంది.

ఆ పగులు ఎలా వచ్చిందో నాకు తెలుసు.

ఆయుధపూజనాడు యాదన్న షెడ్డులో ఉన్న ప్రతి ఇంజన్‌కీ పసుపు రాసి బొట్టు పెట్టాడు. పెట్రోలుతో నడిచే యంత్రానికి బొట్టేమిటని నేను తుడవబోయాను. "ఉండనీరా, వాళ్ళ పండగ. మనకి అన్నం పెట్టే షెడ్డు," అన్నాడు బాబాయి. నేను వినలేదు. ఆ రోజు సర్వీసుకొచ్చి ఉన్న డాక్టరమ్మగారి కారు నల్లమూత విప్పి తుడుస్తుంటే చేతిలోంచి జారి నేలమీద పడింది. పైకి బాగానే ఉందని మళ్ళీ బిగించేశాను. ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ ఎలుగెత్తి అరిచే నేను, నా తప్పు దగ్గర నోరెత్తలేదు. భయపడ్డాను అక్కా. అంతే.

బాబాయి సంచిలోవి డాక్టరమ్మగారి పాత ప్లగ్గులే. విప్పినవి శుభ్రం చేసి బండివాళ్ళ చేతికివ్వడం ఆయన పద్ధతట. ఇది షెడ్డులో అందరికీ తెలుసు, అడగనివాణ్ణి నేనొక్కణ్ణే. ఆయన వేసిన ప్లగ్గులే తిరిగి బిగించి, కొత్త మూత పెట్టాను. ముసురులో కూడా బండి గడియారంలా నడుస్తోంది.

యాదన్నని పక్కకి పిలిచి చెప్పాను.

"నాకు చెప్తే ఏమొస్తదిరా? చెవుల తిట్టినవా, చెవుల మాఫీ అడగనీకి? గంతమంది ముంగట దొంగన్నవ్. గంతమంది ముంగటనే చెప్పు."

"నన్ను తీసెయ్ యాదన్నా."

"నిన్ను తీసేస్తే ఆయన పేరు సాఫ్ అయితదా? వచ్చే గురువారం ఆయన జాగల ఇంకో మెకానిక్ వస్తనన్నడు. బుధవారం దాక ఆగుతా. గంతే."

కాబట్టి అక్కా, ఈ ఉత్తరం అందగానే బాబాయి ఇంటికి వెళ్ళు. ఆయన రానంటే వీధి అరుగు మీద నిలబడి దీన్ని మొదటినుంచీ గట్టిగా చదువు. దొంగ అన్న మాట కూడా వదలకు, పక్కిళ్ళవాళ్ళు విన్నా సరే. వచ్చే మంగళవారం సాయంత్రం రైలుకి ఆయన్ని తీసుకుని నువ్వూ బావగారూ బయలుదేరండి. నాకు పచ్చళ్ళూ వద్దు, బట్టలూ వద్దు. ఆయన్ని తీసుకురండి, చాలు.

పగిలిన మూత దాచాను. అందరి ముందూ ఆ మూతే బిగించి, నీళ్ళు చల్లి, ఇంజన్‌ని మిస్ కొట్టిస్తాను. తర్వాత ఎవరు పగలగొట్టారో నా నోటితో చెబుతాను. క్షమించేదీ లేనిదీ బాబాయి ఇష్టం.

పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. పిల్లదానికి ముద్దులు. నా కోసం ప్రార్థన చెయ్యి. ముందు తిట్టు, తర్వాత దీవించు.

యాదన్న, షెడ్డు పనివాళ్ళు, డాక్టరమ్మగారు అందరూ వస్తామన్నారు. మీరూ రావాలి. బుధవారం పొద్దున్న ఎనిమిది గంటలకు, మెట్టుగూడ షెడ్డు గేటు ముందు.

నీ తమ్ముడు,
సుధాకర్